పైది నొక్కు, కిందిది ముట్టుకోకు

రేపల్లె,
సోమవారం

బుజ్జులూ,

కొట్టేశాను చూడు. కాగితం ముందు పెట్టుకుంటే చెయ్యి దానంతటది ఆ పేరే రాస్తుంది. ఈ ఉత్తరం దానికి కాదు, నీకు. చందూ తల్లీ, నేను వీణ వాళ్ళమ్మ రత్తాల్ని. ఫోన్ చెయ్యి పిన్నీ అంటావు గానీ నేను చెయ్యను. నీ గొంతు వింటే వెనకాల అది నవ్వుతున్నట్టే ఉంటుంది. తరవాత రెండు రోజులు నేను మనిషిని కాను. అందుకే ఉత్తరం. నువ్వూ ఉత్తరమే రాయి. నాది అయిదో తరగతి చదువు, తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

విషయం ఏంటంటే, నా తెల్ల పేజీ పోయింది.

ఇంటర్నెట్లో పాండురంగారావు సారు సైట్లో మీరందరూ కలిసి రాసుకుంటారు కదా. వీణ మా చేపల వంటల గురించి అందులోనే రాసేది. అది పోయాక కంప్యూటర్ అమ్మేద్దామన్నాడు మీ బాబాయి. నేను పడనివ్వలేదు. అది బతికుండగానే మీటల మీద తెలుగు అక్షరాలు అంటించి నాకు నేర్పింది. తెల్లగా ఒక పేజీ, పైన బటన్ల వరస, పక్కన ఒకటి పైన, ఒకటి కింద. "పైది నొక్కితే దాచుకుంటుందమ్మా, మన ఇద్దరికే కనపడుతుంది. కింద నీలంది నొక్కావో, లోకమంతా చదువుతుంది. పైది నొక్కు, కిందిది ముట్టుకోకు" అని చెప్పింది.

అది ఆఖరున రాస్తూ ఆపేసిన పేజీ ఒకటుంది. "ఎండు మెత్తళ్ళు కడిగేటప్పుడు మూడో నీళ్ళు పారబోయకూడదు. ఎందుకంటే" అంతే. అక్కడ ఆగింది. ఆ మాట నేను దానికెప్పుడూ చెప్పలేదు. ఎవరు చెప్పారో, ఎందుకో నాకు తెలీదు. ఆ ఎందుకంటే కిందనే నేను రోజూ సాయంత్రం రాస్తున్నాను. ఏ బోటు వచ్చింది, ఏ చేప పడింది, వాళ్ళ నాన్న ఏమన్నాడు. అది అడిగితే నేను చెప్పినట్టు. పైది నొక్కి పడుకుంటాను.

శనివారం తెరిస్తే ఆ పేజీ లేదు. ఇంకేదో ఉంది. నేను రాసిన ఒక్కో మాటా ఒక్కో గడిలో విడివిడిగా కూర్చుంది. ఎక్కడ ముట్టుకుంటే అక్కడ ప్లస్సు గుర్తు దోమలాగా లేస్తోంది. బటన్ల వరస లేదు. దాని మాట ఒక గడిలో, నా మాట ఇంకో గడిలో. నా బిడ్డకీ నాకూ మధ్య గీత గీసిందెవరు?

పేరు చెప్పు. అంతే నేనడిగేది.

రత్తాలు పిన్ని


తెనాలి,
జులై 9

పిన్నీ,

నమస్కారం. ఉత్తరం అందింది. మీరు రాసినట్టే ఉత్తరమే రాస్తున్నాను. పోస్టాఫీసులో కవరు అడిగితే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

పేరు అడిగారు. జరిగింది చెప్తాను. ఈ సైట్లు నడిపే సరంజామా తయారుచేసేవాళ్ళు చాలా కాలం కిందటే రాసే పద్ధతి మార్చేశారు. ప్రతి పేరాకీ ఒక గడి అన్నమాట. పాత తెల్ల పేజీయే కావాలనుకునేవాళ్ళు ఒక చిన్న అతుకు తగిలించుకుంటే అదే వచ్చేది. మన సైటుకి ఆ అతుకు ఉండేది. పోయిన వారం పాండురంగారావు సార్ దాన్ని పీకేశారు. సైటు బరువైపోయిందట, పాతవి పట్టుకుని వేలాడితే ఎదగలేమట. పీకాక మాకు చెప్పారు.

మీరొక్కరే కాదు, అందరం అవస్థపడుతున్నాం. బాపట్లలో గుళ్ళ గురించీ తిథుల గురించీ రాసే జగన్నాథం గారు ఇప్పుడు కాగితం మీద రాసి, దాన్ని ఫోటో తీసి, ఆ ఫోటో పెడుతున్నారు. అనంతలక్ష్మి టీచర్ తన పద్యం ఎక్కడో టైపు చేసుకుని తెచ్చి అతికిస్తే నాలుగు పాదాలూ నాలుగు గడుల్లో పడ్డాయి. "నా పద్యాన్ని ముక్కలు కోశారే" అని ఫోన్లో ఏడ్చింది. సైకిలు ప్రయాణాలు రాసే శ్రీవత్స మాత్రం కొత్తది బ్రహ్మాండం అన్నాడు. అన్నాక ఒక్క ముక్కా రాయలేదు. నేను ఫోన్లో రాసుకుని అతికిస్తున్నాను. ఎవరి చేతికర్ర వాళ్ళది.

రాసినవి పైకెక్కించే, దించే తాళంచెవి నా దగ్గరా ఒకటుంది. ఆ అతుకు తగిలించడం మాత్రం సార్ చేతిలోనే ఉంది. అడుగుతాను. ఆయన చెడ్డవారు కాదు పిన్నీ.

ఒక్కటే బతిమాలుతున్నాను. వీణ పేజీ తెరవకండి. బటన్ల చోట్లన్నీ మారిపోయాయి. ట్యూషన్ పిల్లల పరీక్షలయ్యాక నేనే వచ్చి చూపిస్తాను.

మీ
చంద్రిక


రేపల్లె,
శుక్రవారం

చందూ తల్లీ,

చెడ్డవారు కాదన్నావు. సరే, మంచివాడి సంగతి నేను చెప్తాను.

పోయినేడు సైటు పుట్టినరోజని మిమ్మల్నందరినీ బాపట్ల పిలిచింది ఎవరు? ఆయన. వీణకి రెండు రోజులుగా ఒళ్ళు కాలిపోతోంది. వద్దే అన్నాను. వెళ్ళింది. నాలుగింటికి అయిపోవాల్సిన మీటింగు చీకటి పడేదాకా సాగదీసింది ఎవరు? మైకు పట్టుకుంటే వదలని ఆయన. వెలుగుండగా బయల్దేరితే నా బిడ్డ ఎక్కిన ఆటో చెరుకుపల్లి మలుపులో ఎదురొచ్చే లారీని చూసుండేది. నువ్వు తెనాలి రైలెక్కి ఇల్లు చేరావు. అది చేరలేదు.

అదీ వదిలేద్దాం. మాలో ఒక పద్ధతుంది తల్లీ. చావు జరిగిన ఇంటికి పగవాడైనా వస్తాడు. మాట్లాడడు, మంచినీళ్ళు ముట్టడు, గడప దగ్గర కాసేపు కూర్చుని లేచిపోతాడు. మీ సారు రాలేదు. సైట్లో దాని ఫోటో వేసి నాలుగు లైన్లు రాశాడు. అందులో మూడు తన సైటు గురించే. చదివాను కదా నేను, అప్పటికి నాకు కంప్యూటర్లో చదవడం వచ్చు.

ఇప్పుడు అదీ నేనూ మాట్లాడుకునే చోటు కూడా లాగేసుకున్నాడు. ఎదగాలంట. ఎదగనీ.

ఆయన ఆదివారం ఆదివారం తెనాలి మార్కెట్‌లో చేప కొంటాడు. మా ఆడపడుచు లక్ష్మీతిరుపతమ్మ కత్తిపీట దగ్గరే కోయించుకుంటాడు. రేపల్లె నుంచి పొద్దుటి బండిలో నేను పంపే శీలావతే ఆయన తింటున్నాడు. చెరువు గట్టున నా చేత్తో ఎంచి పంపిన చేప. నాది అని ఆయనకి తెలీదు.

నువ్వు అడిగి చూడు. నా పేజీ నాకిస్తే సరే. ఇవ్వకపోతే నేను అరవను, శాపనార్థాలు పెట్టను, గుమ్మం ముందు మన్నెత్తి పొయ్యను. భయపడకు, మందూ మాకూ పెట్టేదాన్ని కాదు. కానీ ఆయన నోటికందేది నా చేతిమీదుగా పోతోందని గుర్తుపెట్టుకో.

రత్తాలు పిన్ని


తెనాలి,
ఆగస్టు 20

పిన్నీ,

ఆలస్యానికి ఏమీ అనుకోకండి. మీకు మంచి కబురు చెప్పి రాద్దామని ఆగాను. అది రాలేదు.

సార్ దగ్గరికి వెళ్ళాను. జరిగిన మాటలు జరిగినట్టే రాస్తున్నాను.

"సార్, వీణ వాళ్ళమ్మగారు రాసుకోలేకపోతున్నారండి. ఆ అతుకు మళ్ళీ తగిలిస్తే..."

"ఆవిడ రాసేది ఎవరన్నా చదువుతున్నారా?"

"చదవడానికి కాదండి అది."

"చదవడానికి కానప్పుడు గడిలో రాస్తే ఏంటి, గోడ మీద రాస్తే ఏంటమ్మా? నేర్చుకోమను. ఈ వయసులో నేను నేర్చుకోలేదూ?"

ఆయన నేర్చుకోలేదు పిన్నీ. ఆయన చెప్తుంటే రాసి ఎక్కించేది వాళ్ళ మేనకోడలు మేధ. అది తలుపు చాటునుంచి నాకు కళ్ళతో దణ్ణం పెట్టింది, అనొద్దని. అనలేదు.

ఇంకో కబురు, మీకు నవ్వొస్తుందని రాస్తున్నాను. సార్ ఇంట్లో చేపల పులుసు చేదెక్కుతోందట. వరసగా ప్రతి ఆదివారమూ. మొదట వాళ్ళావిడ దేవకుమారి గారి చింతపండు మీద పడ్డారు. తరవాత గిన్నె మార్పించారు. తరవాత నాలుక చూపించుకోవడానికి డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చారు. ఆఖరికి "మన చేపకు ఏమైంది?" అని పెద్ద వ్యాసం ఎక్కించారు. చెరువుల్లో వేసే మేత చెడిందని, కాలం చెడిందని, పైన పులుసు గిన్నె ఫోటో. కొత్త పద్ధతిలో ఫోటో ఎంత పెద్దగా వస్తుందో చూడండని మాకందరికీ చెప్పారు. దేవకుమారి గారు మాత్రం "మానెయ్యండి, వంకాయ తినండి" అంటున్నారు. ఆయన మానరు.

పిన్నీ, చేప చేదెక్కడం ఏంటి? మీకు తెలియకుండా ఉండదు.

మీ
చంద్రిక


రేపల్లె,
బుధవారం

చందూ తల్లీ,

గోడ మీద రాసినా ఒకటే అన్నాడా. బాగుంది. ఆ మాట నా చెవిన వేసినందుకు నీ కడుపు చల్లగా ఉండాలి.

చేప ఎందుకు చేదెక్కుతుందని అడిగావు. చెప్తా విను. చేప కడుపులో కార్జం పక్కన పచ్చగా ఒక చిన్న తిత్తి ఉంటుంది. అది చేదు. కోసేటప్పుడు వేలితో మెల్లగా పట్టి, పగలకుండా తీసి పారేయాలి. పగిలిందా, ఎంత కడిగినా పోదు. చింతపండు వేసినా, బెల్లం వేసినా కంచంలోకి వస్తుంది. మా లక్ష్మీతిరుపతమ్మ ఊహ తెలిసిన దగ్గర్నుంచీ కోస్తోంది. దాని వేలు జారడం నేను చూళ్ళేదు. ఇప్పుడు ఆదివారం ఆదివారం జారుతోందంటే పెద్దదైపోయింది కాబోలు పాపం. అదీ ఒక్క ఆ సారు చేపకే జారుతోందంటే ఆయన జాతకం. మనమేం చేస్తాం?

నేనూ నవ్వాను. అది పోయాక మొదటిసారి. మీ బాబాయి కంగారుపడి లోపలికొచ్చి చూశాడు.

ఇంకో సంగతి. నువ్వు తెరవొద్దన్నావు గానీ నేను తెరిచాను. ఎన్నాళ్ళని ఊరుకోను? దానికి చెప్పాల్సినవి గుండెల మీదికి వచ్చేశాయి. ఆ గడుల్లోనే పడి, దోమల్ని తోలుకుంటూ, మొత్తం రాశాను. మనసులో ఏముంటే అది. దాని దగ్గర నాకు దాపరికం ఏంటి?

దాచుకునే దగ్గర కాస్త తికమక పడ్డాను. కింద ఏమీ లేదు. పైన ఉన్న బటనేమో నీలంగా ఉంది. వీణ పైది అని చెప్పింది, నీలం వద్దనీ చెప్పింది. రంగు చూడాలా, చోటు చూడాలా? మీ బాబాయిని అడిగాను. "సముద్రం మీద రంగుని నమ్మినోడు ఇల్లు చేరడే. పొద్దున ఒక రంగు, సాయంత్రం ఒక రంగు. దిక్కుని నమ్ము" అన్నాడు. నిజమే కదా. రంగులు వాళ్ళు మార్చుకున్నారు, మన దిక్కు మనదే. పైది నొక్కాను. ఇంగ్లీషులో ఏదో అడిగి, మళ్ళీ పైనే ఇంకో నీలంది చూపించింది. అదీ నొక్కాను. దాచుకుంది.

చూశావా, ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది.

రత్తాలు పిన్ని


తెనాలి,
సెప్టెంబరు 2

రత్తాలు గారికి,

మీరు నొక్కింది దాచుకునేది కాదు. అందరికీ చూపించేది. వీణ ఆపేసిన మాట, దాని కింద ఇన్నాళ్ళూ మీరు రాసుకున్నదంతా మంగళవారం సాయంత్రం సైటు మొదటి పేజీలోకి వచ్చేసింది.

అందులో ఏం రాశారో మీకు గుర్తుందో లేదో. నాకు గుర్తుంది.

"బుజ్జులూ, ఈ ఆదివారం కూడా మీ అత్త చేదు తిత్తి పగలగొట్టి ఇచ్చింది. ఆయన కంచం ముందు మొహం వంకర్లు తిప్పుతుంటే నువ్వు చూసి నవ్వు."

ఇది సార్ చదివారు. ఊరంతా చదివింది.

ఇంకొంచెం కింద ఇది. "చందూకి తల్లీ తల్లీ అని రాస్తున్నాను. లోపల మండిపోతోంది. జ్వరంతో పడుకున్నదాన్ని ఫోన్ చేసి లేపి తీసుకెళ్ళింది అదే. సారుకి చేప చేదైతే సరిపోయింది. దీనికేం చెయ్యాలో నాకింకా తోచలేదు. దాని దగ్గర ఇంకా పనుంది. పనయ్యాక చూస్తాను."

నాతో ఇంకా పనుంది. అందుకా, నా కడుపు చల్లగా ఉండాలని రాశారు?

మొహం మీద తిట్టి ఉంటే పడేదాన్ని. మీ కాళ్ళ దగ్గర కూర్చుని పడేదాన్ని.

నా దగ్గర తాళంచెవి ఉందని చెప్పాను కదా. చూసిన నిమిషంలో దించేయొచ్చు. దించలేదు. మర్నాడు సాయంత్రం దాకా కావాలనే అలా ఉంచాను. మా అమ్మ చదివింది. ట్యూషన్‌కి వచ్చే పిల్లల తల్లులు చదివారు. చదవనీ అనుకున్నాను. తీపి మాటల కింద మీరేం దాచారో నలుగురికీ తెలియనీ అనుకున్నాను. ఆ తరవాతే దించాను.

సార్ చెప్పమన్నది చెప్తున్నాను. మీరు అందరూ చూసేలా తప్పయిందని రాయాలి. ఈ నెలాఖరులోగా రాయకపోతే వీణ పేజీలన్నీ తీసేస్తారట.

అన్నట్టు, వీణ "ఎందుకంటే" అని ఆపిన చోట చదివినవాళ్ళు జవాబులు రాశారు. మూడో నీళ్ళతో ఉప్పు పోతుందని ఒకావిడ, పులుసులోకి అదే రుచని చుండూరు నుంచి ఒకాయన, కాకర పాదుకి పొయ్యాలని ఇంకొకరు. నాకు ఏదీ వీణ మాటలా అనిపించలేదు.

చంద్రిక


రేపల్లె,
ఆదివారం

చంద్రికకి,

నీ ఉత్తరం చదువుకున్నాను. సిగ్గుపడతాననుకున్నావేమో, పడలేదు. బిడ్డతో చెప్పుకున్న మాటకి ఏ తల్లి సిగ్గుపడుతుంది? రాసింది రాసిందే. మండుతోందని రాశాను, మండుతూనే ఉంది. నువ్వు ఒక పగలూ రాత్రీ నన్ను వీధిలో నిలబెట్టావు. అదీ మర్చిపోను.

తప్పయిందని రాయను. ఎందుకు రాయాలి? మార్కెట్‌లో ఏం జరిగిందో లక్ష్మీతిరుపతమ్మ చెప్పింది, నువ్వూ విను. మీ సారు సంచీ ఊపుకుంటూ వచ్చాడంట.

"ఏమ్మా, నా చేపలో చేదు పోసింది నువ్వేనా?"

"పొయ్యలేదండి. చేపలోనే ఉందండి. తియ్యలేదంతే."

"పోలీసులకి చెప్తాను!"

"చెప్పండి సార్. ఏమని చెప్తారండి, కూర చేదుగా ఉందనా?"

పక్క పీట మీదావిడ అందుకుందంట. "మా ఇంటాయన రోజూ అదే మొత్తుకుంటాడండి బాబూ, ఒక్క పోలీసూ రాలేదు" అని. మార్కెట్టంతా నవ్వులు. ఆయన చేప కొనకుండానే పోయాడు. ఆ నవ్వు నేనక్కడుండి వినాల్సింది.

అది నవ్వే సంగతి. ఇది కాదు. వీణ పేజీలు తీసేస్తాడంట. ఆటోని లారీ గుద్దినప్పుడు దాని ఫోను పోయింది. మాకు మిగిలిన దాని మాటలు అక్కడున్నవే. అది పులుసు గురించి రాస్తే నన్ను వేళాకోళం చేస్తూ రాసేది. "మా అమ్మకి కొలతలు తెలీవు, కోపాలే తెలుసు" అని ఒకచోట ఉంది. అవన్నీ తుడిచేస్తే అది రెండోసారి పోతుంది. ఈసారి ఏ లారీ మీదా వెయ్యలేను.

నాకు ఇది చేతకాదు. చేతనైతే నిన్ను అడగను. నీ మీద కోపం పెట్టుకునే అడుగుతున్నాను, నటించడం లేదు. దాని మాటలు అక్కడినుంచి బయటికి తీసుకురా. ఎలా తెస్తావో, ఎక్కడ పెడతావో నాకు తెలీదు. తెచ్చావా, నీ దారిన నువ్వు పో. తేలేదా, ఆ సారు పక్కన ఇంకో పీట వేసి నిన్నూ కూర్చోబెడతాను. నా కోపం చేపలతో ఆగేది కాదు.

రత్తాలు


బాపట్ల,
అక్టోబరు 1

రత్తాలు గారికి,

జగన్నాథం గారింట్లో కూర్చుని రాస్తున్నాను. నిన్న అందరం ఇక్కడికే చేరాం. అనంతలక్ష్మి టీచర్ చీరాల వైపు నుంచి బస్సులో వచ్చింది, శ్రీవత్స సైకిలు మీద వచ్చాడు.

మేం సైటు వదిలేశాం. వేరే చోట కొత్తది పెట్టుకున్నాం. పాత తెల్ల పేజీ వచ్చే అతుకు ముందే తగిలించి, తరవాతే మిగతా పని మొదలుపెట్టాం. జగన్నాథం గారు ఆ పేజీ చూసి, చొక్కా గుండీలు పెట్టుకుని మరీ కూర్చున్నారు. టీచర్ పద్యం నాలుగు పాదాలూ ఒక్కచోట నిలబడ్డాయి. పైకి చదివి వినిపించింది.

వీణ పేజీలన్నీ తెచ్చేశాను. ఒక్కటీ వదల్లేదు. ఆపేసిన పేజీ కూడా. దాని మాట కిందనే మీ మాట, మధ్యలో గడీ లేదు, గీతా లేదు. దాచుకునే బటన్ పైన ఉంది, నీలంది కింద ఉంది. కొత్త సైటు ఎలా తెరవాలో చీటీ మీద రాసి ఈ కవర్లోనే పెట్టాను.

సార్ అన్నంత పనీ చేశారు. నిన్న, నెలాఖరు రాత్రే, వీణ పేజీలు తీసేశారు. అప్పటికే అవి ఇక్కడున్నాయని ఆయనకి తెలీదు. ఈ పొద్దున మావి మేము తీసేసుకున్నాం. ఇప్పుడు ఆ సైటు తెరిస్తే చేదు పులుసు గిన్నె ఫోటో తప్ప ఏమీ లేదు.

సాయంత్రం సార్ నాకు ఫోన్ చేశారు. మేధ చదువుకని హాస్టల్‌కి వెళ్ళిపోయిందట. "నాకూ అక్కడ ఒక పేజీ ఇవ్వమ్మా. ఈ గడుల్లో నా వల్ల కావడం లేదు. పాతదైతే రాసుకుంటాను" అన్నారు. ఇక్కడ పెద్ద వాదనే అయింది.

"వచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టడం పద్ధతి కాదు" అన్నారు జగన్నాథం గారు.

"నా పద్యం ముక్కలు కోసినప్పుడు ఆయనకి పద్ధతి గుర్తుందాండి?" అంది టీచర్.

"ఆయనొస్తే మళ్ళీ మైకు పట్టుకుంటాడు" అన్నాడు శ్రీవత్స.

తేలలేదు. తుడిచింది వీణ పేజీలు గనక, మీ మాట ప్రకారమే చేద్దామన్నారు. రాయండి.

ఇక మన సంగతి. మీరడిగిన పని చేశాను. మీ కోసం కాదు. నేను రేపల్లె రాను. ఒక్క మాట మాత్రం చెప్పకుండా ఉండలేను. ఆ రోజు ఫోన్ చేసింది నేనే. కానీ జ్వరమని వీణ నాతో అనలేదు. గొంతు అలా ఉందేంటే అంటే, "పొగలో కూర్చున్నా, నీకోసం రొయ్యలు వేయిస్తున్నా" అంది. డబ్బా నిండా తెచ్చింది కూడా. మీటింగులో దాని చెయ్యి పట్టుకుంటే కాలుతోంది. అప్పుడు తెలిసింది నాకు. రాత్రికి తెనాలి వచ్చెయ్యవే, మా ఇంట్లో పడుకుందువు అన్నాను. "అమ్మకి తెలిస్తే చంపుతుంది" అని నవ్వి ఆటో ఎక్కింది.

నమ్మితే నమ్మండి.

చంద్రిక


రేపల్లె,
మంగళవారం

చందూ,

పేజీ తెరిచాను. ఉంది. అంతా చదివాను, మీ బాబాయికి వినిపించాను. కొలతలు తెలీవన్న చోట ఆయన నవ్వి, లేచి బయటికి వెళ్ళిపోయాడు. రాత్రి దానికి నాలుగు మాటలు రాసి పైది నొక్కాను.

ముందు సారు సంగతి. రానివ్వొద్దు. జగన్నాథం గారు పెద్దమనిషి, ఆయన మాట కాదంటున్నానని చెప్పు. పేజీ లేకపోతే ఎలా ఉంటుందో తెలీక చేశాడంటే ఏమో అనుకునేదాన్ని. నెలాఖరు దాకా నన్ను బెదిరించి, తెలిసి తుడిచాడు. నా బిడ్డని తుడిచిన చెయ్యి నా బిడ్డ పక్క పేజీలో రాయడానికి వీల్లేదు. లక్ష్మీతిరుపతమ్మకి కబురు చేశాను, ఇక ఆయన చేప శుభ్రంగా కోసిమ్మని. ఎంచి మంచి శీలావతి పంపుతాను. పులుసు అమృతంలా ఉంటుంది. ఎంత బాగుందో రాసుకుందామంటే ఆయనకి చోటుండదు. ప్లస్సు గుర్తుని చూసుకుంటూ తినమను.

ఇక నీ సంగతి.

నమ్మాలా వద్దా అని నాలుగు రోజులు కొట్టుకున్నాను. నువ్వు రాసింది అబద్ధమైతే బాగుండేది. కానీ రొయ్యలు నిజం. ఆ రోజు నూనె గిన్నె నేనే తోమాను. అది జ్వరం దాచే పిల్లే. నా దగ్గరా దాచేది, చెయ్యి పట్టుకోనిచ్చేది కాదు. అమ్మకి తెలిస్తే చంపుతుందని అందా. నా కోపానికి భయపడి ఇంటికొచ్చేద్దామనుకుందన్నమాట. ఆ రాత్రి మీ ఇంట్లో పడుకోకుండా.

ఇప్పుడు ఈ కోపాన్ని నేనెక్కడ పెట్టను? దాని మీద పెట్టలేను. నా మీద పెట్టుకుంటే బతకలేను, మీ బాబాయి ఒంటరివాడైపోతాడు. సారు మీద ఎంత పెట్టినా ఇంకా మిగిలిపోతోంది. అందుకని కొన్నాళ్ళు నీ మీదే ఉంచుతాను. నువ్వు తప్పు చేశావని కాదు. ఇంకెవరూ లేరని. నాకు క్షమించడం చేతకాదు, నేర్పినవాళ్ళూ లేరు. నువ్వూ నన్ను క్షమించకు. నలుగురి ముందు నిలబెట్టిందానివి, అలాగే గట్టిగా ఉండు. ఉత్తరాలు మాత్రం ఆపకు. తిడుతూ రాయి, చదువుతాను.

మొన్న నిన్ను మార్కెట్‌లో చూశానని మా ఆడపడుచు చెప్పింది. చేపల వైపు చూడకుండా పోయావంట. బుగ్గలు పీక్కుపోయి, జాకెట్టు భుజాలు జారిపోతున్నాయంట. అలా అయితే కుదరదు. నా కోపం బరువైంది, మొయ్యాలంటే ఒంట్లో శక్తి ఉండాలి. వేళకి కూర్చుని కడుపునిండా అన్నం తిను.